విశాఖ నుంచి హైదరాబాద్‌కు సైకిల్ మీద: స్నేహితులంతా కలిసి విరాళాల యాత్ర ఎలా చేయాలి

మంచి పనికి డబ్బు పోగుచేద్దామని పది మంది స్నేహితులు సైకిళ్ళెక్కితే, నెత్తిన రెండు పనులు పడతాయి. ఒకటి, ఎవరికీ దెబ్బ తగలకుండా వందల కిలోమీటర్లు తొక్కడం. రెండోది, జనం ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం. చాలా జట్లు మొదటి పనిలో మునిగిపోయి రెండోదాన్ని చివరి వారానికి నెట్టేస్తాయి. అందుకే ఇక్కడ వరస తిరగేశాం: ముందు డబ్బు, తర్వాత దారి, ఆ తర్వాతే సైకిలు.

ఉదాహరణకు తీసుకున్నది విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు సుమారు 630 కిలోమీటర్ల దారి. తొక్కేవాళ్ళు పది మంది, వెంట ఒక వాహనం, సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు రోజులు. మీ దారి వేరైనా పద్ధతి ఇదే.

డబ్బు: మీ ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా రానివ్వకండి

యాత్రకు కనీసం మూడు నెలల ముందే సంస్థను ఎంచుకోండి. రిజిస్టరైన ట్రస్టో సొసైటీనో అయి ఉండాలి. స్వచ్ఛంద సంస్థల వివరాలుండే ప్రభుత్వ ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో దాని పేరు వెతకండి. 12ఎ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్ల కాగితాలు అడిగి, గడువు తీరలేదని చూసుకోండి. ఇవి అడిగితే చిరాకుపడే సంస్థ జోలికి పోకండి. ఆ తర్వాత "మా పాఠశాలలకు పుస్తకాలు", "రక్తమార్పిడి అవసరమైన పిల్లలకు మందులు" లాంటి ఒక్క పనిని, దానికి కావలసిన మొత్తాన్ని సంస్థతో మాట్లాడి రాయించుకోండి. "సమాజ సేవకు" అంటే జేబులో చెయ్యి పెట్టేవాళ్ళు తక్కువ. "ఇన్ని బడులకు ఇన్ని పుస్తకాల బీరువాలు" అంటే ఇస్తారు.

విరాళం నేరుగా సంస్థ ఖాతాకే వెళ్ళాలి. సంస్థ పేరు మీదున్న యూపీఐ క్యూఆర్ తీసుకుని, చెల్లించేటప్పుడు "సైకిల్ యాత్ర" అని రాయమనండి. మన యాత్ర ద్వారా ఎంత వచ్చిందో తర్వాత విడదీయడానికి అదే ఆధారం. జట్టులో ఒకరి ఫోన్ నంబరుకే పంపించుకుంటే సులువుగా అనిపిస్తుంది, కానీ చిక్కంతా అక్కడే ఉంది. బంధువులు కానివాళ్ళ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన మొత్తం 50,000 రూపాయలు దాటితే, ఆ మొత్తమంతా ఆ మనిషి ఆదాయం కింద పన్ను లెక్కలోకి రావచ్చు. పన్ను సంగతి అటుంచినా, తన సొంత డబ్బూ విరాళం డబ్బూ ఒకే ఖాతాలో కలిసిపోయాక ఆయన ఎంత నిజాయితీపరుడైనా లెక్క చూపడం కష్టం.

ఇచ్చేవాళ్ళకు రెండు విషయాలు ముందే చెప్పండి. 80జి మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే వర్తిస్తుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు. దారిలో టీకొట్టు దగ్గర ఎవరైనా వంద నోటు ఇస్తానంటే వద్దనడం బాగుండదు కాబట్టి, సంస్థ నుంచి వరస నంబర్లున్న రసీదు పుస్తకం ఒకటి తీసుకెళ్ళండి. అది ఒక్కరి దగ్గరే ఉండాలి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న స్నేహితులు ఇస్తామంటే వాళ్ళ పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. దాన్ని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో అందుకోసమే తెరిచిన ఖాతా ద్వారా తీసుకోవాలి. మీ సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ స్నేహితులకు ముందే వద్దని చెప్పండి.

కిలోమీటరుకు ఇంత అని మాట తీసుకోవడం బాగా పనిచేస్తుంది. రూపాయి చొప్పున ఒప్పుకుంటే 630, ఐదు చొప్పున అయితే 3,150. ఎవరైనా మధ్యలో ఆగిపోతే ఎలా అన్నది మొదటే తేల్చండి. జట్టులో ఒక్కరు చివరిదాకా వచ్చినా పూర్తి మొత్తం ఇవ్వాలనుకోవడం అందరికీ సుఖం. లేకపోతే "నా వల్ల డబ్బు తగ్గుతుంది" అనుకుని మోకాలు నొప్పితోనే తొక్కేవాళ్ళు తయారవుతారు. ఇంకో సంగతి, డబ్బు బయలుదేరక ముందే రాబట్టండి. యాత్ర అయ్యాక గుర్తుచేస్తూ తిరగడం తొక్కడం కన్నా కష్టం.

ఇక ఖర్చు. గదులు, తిండి, వాహనం, టీషర్టులు, అన్నీ జట్టు సొంత డబ్బే. విరాళంలోంచి టీ కూడా తాగకూడదు. ఈ మాట విరాళం అడిగే సందేశంలో మొదటి వాక్యంగా పెట్టండి. ఖర్చుల కోసం వేరే ఖాతా చూసుకుని, అంచనా వేసిన దానికి 15 శాతం కలిపి అందరి దగ్గరా ముందే వసూలు చేయండి.

ఎప్పుడు, ఏ దిక్కుకు

డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి 8 లోపు మంచిది. అక్టోబరు, నవంబరులో కోస్తాకు తుఫాన్ల భయం, ఫిబ్రవరి చివరికల్లా ఎండ ముదురుతుంది. జనవరి 9 నుంచి 19 దాకా మాత్రం హైదరాబాద్–విజయవాడ రోడ్డు జోలికి పోవద్దు. సంక్రాంతికి ఊరెళ్ళే కార్లు, తిరిగొచ్చే కార్లు కలిసి సైకిలుకు ఇసుమంత చోటు కూడా మిగల్చవు.

హైదరాబాద్‌లో ఎక్కి విశాఖ సముద్రం దగ్గర దిగితే ఫొటోలు బాగుంటాయి. అయినా తిరగేసి వెళ్ళమంటాం. చలికాలంలో కోస్తా వెంట గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. విజయవాడ నుంచి విశాఖ వైపు తొక్కితే అది ముఖానికి కొడుతుంది, విశాఖ నుంచి బయలుదేరితే వీపు మీద నెడుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవాడికి గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే గాలి అడ్డు రెండింతలు దాటుతుంది. అడ్డు వేగానికి వర్గంలా పెరుగుతుంది కదా, 20కి 400 అయితే 30కి 900. ఇలా వెళ్తే విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఎత్తెక్కాలి, నిజమే. కానీ ఆ సుమారు 500 మీటర్లూ 270 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్నాయి. కిలోమీటరుకు రెండు మీటర్లు కూడా పడదు. కాళ్ళకు ఎత్తు కన్నా గాలే భారం.

రోజువారీగా ఇలా పంచుకోవచ్చు. దూరాలన్నీ సుమారుగా చెప్పినవే, మీరు దిగే లాడ్జిని బట్టి ఐదారు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి.

సోమవారం: విశాఖ – అన్నవరం, 120 కి.మీ.
మంగళవారం: అన్నవరం – రాజమండ్రి, 75
బుధవారం: రాజమండ్రి – ఏలూరు, 105
గురువారం: ఏలూరు – విజయవాడ, 60
శుక్రవారం: విజయవాడ – కోదాడ, 95
శనివారం: కోదాడ – నార్కట్‌పల్లి, 95
ఆదివారం: నార్కట్‌పల్లి – ఎల్బీనగర్, 80

మొదటి రోజే పెద్ద దూరం పెట్టడానికి కారణం, ఆ రోజు కాళ్ళు తాజాగా ఉంటాయి. గురువారం కావాలనే చిన్నది. పొద్దున పదిన్నరకల్లా బెజవాడ చేరి బట్టలు ఉతుక్కుని, సైకిళ్ళు కడిగి, సాయంత్రం సంస్థ వాళ్ళతో చిన్న సమావేశం పెట్టుకోవచ్చు. చివరి రోజు ఆదివారం కావడం అన్నిటికన్నా ముఖ్యం. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పనిరోజు ఉదయం సైకిల్ తొక్కడం శిక్షే.

విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం దాటేదాకా పోర్టు, ఉక్కు లారీలు దట్టంగా ఉంటాయి. ఏడున్నరలోపు లంకెలపాలెం దాటేలా బయలుదేరండి. రాజమండ్రి తర్వాత రెండు దారులున్నాయి. దివాన్‌చెరువు దగ్గర మళ్ళి, గోదావరి దాటి దేవరపల్లి, నల్లజర్ల మీదుగా గుండుగొలనుకు వెళ్ళే హైవే ఒకటి. రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా వెళ్ళే పాత రోడ్డు ఇంకోటి. సైకిలుకు పాతదే మేలు. ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, నీళ్ళకూ పంక్చరుకూ ఇబ్బంది లేదు, పెద్ద లారీలు కొత్త దారికి మళ్ళాయి. దారిలో ఆత్రేయపురం పూతరేకులు దొరుకుతాయి కానీ సాయంత్రానికి దాచుకోండి. నెయ్యి, ఎండ, పెడలింగ్ ఒకదానికొకటి పడవు.

నార్కట్‌పల్లిలో పది మందికి గదులు ముందుగా మాట్లాడుకోకపోతే ఇబ్బందే. దొరక్కపోతే శుక్రవారం సూర్యాపేట దాకా 140 కిలోమీటర్లు లాగి, శనివారం చౌటుప్పల్ వరకు రావచ్చు. కాళ్ళలో సత్తువున్న జట్టుకే ఆ మాట.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీద సైకిళ్ళకు ప్రవేశం లేదు. ఊళ్ళ దగ్గర ఫ్లైఓవర్ కనిపిస్తే ఎక్కకండి, పక్కనున్న సర్వీసు రోడ్డు పట్టండి. ఫ్లైఓవర్ మీద పక్కకు తప్పుకునే చోటుండదు.

సాధన: పది వారాలు

ఇప్పుడు 30 కిలోమీటర్లు ఆయాసం లేకుండా తొక్కగలిగితే పది వారాలు చాలు. వారంలో మూడు రోజులు గంటా గంటన్నర, ఆదివారం పొడవైన సవారీ. మొదటి ఆదివారం 45తో మొదలుపెట్టి వారానికి ఐదు నుంచి పది కిలోమీటర్లు పెంచుతూ ఎనిమిదో వారానికి 100కు రండి. మధ్యలో నాలుగో వారం మాత్రం దూరం మూడో వంతు తగ్గించండి. కండరాలు గట్టిపడేది ఆ విశ్రాంతిలోనే.

తొమ్మిదో వారంలో అసలు పరీక్ష: శనివారం 90, ఆదివారం 80. ఒక్క రోజు వంద తొక్కడం చాలామందికి వచ్చు. మర్నాడు అదే సీటు మీద మళ్ళీ కూర్చోవడం వేరే విద్య. సీటు, చెడ్డీ, బూట్లు, సంచి, అన్నీ యాత్రలో వాడేవే అయి ఉండాలి. కొత్త సీటు, కొత్త బూట్లతో మొదటి రోజు దిగినవాళ్ళు మూడో రోజుకు వాహనంలో కూర్చుంటారు. చివరి వారం రెండుసార్లు 25 కిలోమీటర్లు తొక్కి ఆపేయండి.

హైదరాబాద్ వాళ్ళకు ఔటర్ పక్కన సౌర పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ దారి సాధనకు అనువైనది. కానీ హైవే మీద లారీ పక్కనుంచి పోయినప్పుడు సైకిల్ ఎలా ఊగుతుందో అక్కడ తెలియదు. కనీసం నాలుగు ఆదివారాలు హైవే అంచున తొక్కండి.

సైకిలు

ఖరీదైన రోడ్డు సైకిలు అక్కర్లేదు. 32 నుంచి 38 మిల్లీమీటర్ల టైర్లున్న హైబ్రిడ్ (రోడ్డు సైకిలుకూ కొండదారి సైకిలుకూ మధ్యరకం) ఈ దారికి సరిగ్గా సరిపోతుంది. ముళ్ళ టైర్ల ఎంటీబీ (కొండదారి సైకిలు) ఉంటే నున్నటి టైర్లు వేయించండి. ముందు సస్పెన్షన్‌కు లాక్ ఉంటే బిగించేయండి. జట్టంతా ఒకే టైరు సైజు, ఒకే రకం వాల్వు వాడితే విడి ట్యూబులు ఎవరివి ఎవరికైనా పనికొస్తాయి. బైకు టైరుకుండే లాంటి లావు వాల్వయితే దారిలో ఏ పంక్చరు షాపులోనైనా గాలి కొడతారు. సన్నటి ప్రెస్టా వాల్వయితే చిన్న ఇత్తడి అడాప్టరు మనిషికొకటి ఉండాలి. షాపులోని కంప్రెసరుతో కొట్టించేటప్పుడు కొంచెం కొంచెంగా కొట్టమనండి, ఒక్క నొక్కుకు సైకిలు ట్యూబు పేలిపోతుంది.

సీటు ఎత్తు: సీటు మీద కూర్చుని, కిందికి వచ్చిన పెడలు మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగుతుంది. మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తే సీటు కిందికి ఉందనో, బరువైన గేరులో తొక్కుతున్నారనో అనుకోండి. మోకాలి వెనక నొప్పి అయితే సీటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. మార్చేటప్పుడు ఐదు మిల్లీమీటర్లకు మించి ఒకేసారి మార్చకండి. సరైన ఎత్తు దొరికాక సీటు కడ్డీ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

చైను అరిగిందో లేదో స్టీలు స్కేలుతో చూడొచ్చు. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు 24 అరలు కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ కనిపిస్తే చైను మార్చండి. ఎనిమిదో వంతు పెరిగితే వెనక పళ్ళచక్రాలు కూడా పోయినట్టే. చైను, బ్రేకు పట్టీలు, గేరు తీగలు మార్చడం యాత్రకు రెండు వారాల ముందే జరగాలి. కొత్త తీగలు మొదటి వంద కిలోమీటర్లలో సాగుతాయి, అప్పుడు మళ్ళీ బిగించాలి.

టైరు గాలి మీద అతి నమ్మకం వద్దు. 35 మిల్లీమీటర్ల టైరుకు 70–75 కిలోల మనిషైతే వెనక 60, ముందు 55 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టండి. రాయిలా గట్టిగా కొడితే వేగం పెరుగుతుందనుకుంటారు కానీ, గతుకుల రోడ్డు మీద ఒళ్ళు హూనమవడమే మిగులుతుంది.

ప్రతి ఒక్కరి దగ్గర: రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు లీవర్లు, చేతిపంపు, 4–5–6 మి.మీ. అలెన్ కీలున్న మల్టీటూల్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, అద్దం. వాహనంలో: నేలపంపు ఒకటి, పది ట్యూబులు, రెండు టైర్లు, చైను బిగించే క్విక్ లింకులు, గేరు తీగలు, బ్రేకు పట్టీలు, చైను నూనె, ఇంకా ప్రతి సైకిలు మోడలుకూ ఒక డీరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క). ఈ చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు. సైకిలు కుడివైపు పడితే ముందుగా వంగేది ఆ అల్యూమినియం ముక్కే. ఒక మోడలుది ఇంకోదానికి పట్టదు, దారిలో ఊళ్ళలో దొరకదు.

పంక్చరు: తీగ దొరికేదాకా ట్యూబు వేయొద్దు

హైవే అంచున పంక్చర్లకు పెద్ద కారణం మేకులు కావు. పేలిన లారీ టైర్లలోంచి రాలే వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగలు. కంటికి కనబడవు. ట్యూబు మార్చి ఐదు కిలోమీటర్లు వెళ్ళగానే అదే చోట మళ్ళీ గాలి పోయిందంటే తీగ ఇంకా టైరులోనే ఉంది.

చక్రం విప్పే ముందు టైరు మీది కంపెనీ పేరు వాల్వుకు ఎదురుగా ఉందో లేదో చూడండి. ఎప్పుడూ అలాగే ఎక్కించాలి. ట్యూబు తీసి గాలి కొట్టి చిల్లి ఎక్కడో కనిపెట్టండి. వాల్వు నుంచి చిల్లి ఎంత దూరంలో ఉందో, టైరులో కూడా అంతే దూరంలో రెండు వైపులా వెతకండి. టైరు లోపల చిన్న దూది ముక్కతో తుడిస్తే తీగ దగ్గర దూది చిక్కుకుంటుంది. ఉత్త వేలు పెట్టకండి, తెగుతుంది. గోళ్ళ కత్తెరతోనో ట్వీజరుతోనో బయటి నుంచి లాగేయండి. కొత్త ట్యూబులో కొద్దిగా గాలి కొట్టి, గుండ్రంగా అయ్యాక లోపల పెట్టండి. టైరు అంచును చివరికంటా చేత్తోనే ఎక్కించండి, లీవరు వాడితే కొత్త ట్యూబు నలిగి చిరుగుతుంది.

పక్కపక్కనే రెండు చిల్లులు, పాము కాటులా ఉంటే అది గుచ్చుకున్నది కాదు. గాలి తక్కువై గోతిలో రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగింది. గాలి పెంచాలి. నీడ కోసం తుమ్మచెట్టు కింద ఆగి ముళ్ళు గుచ్చించుకునే జట్లు కూడా ఉన్నాయి. వేపచెట్టు దొరికేదాకా ఆగండి.

సైకిళ్ళను విశాఖ చేర్చడం, వెంట వచ్చే వాహనం

రైల్లో పార్శిల్ వేయొచ్చు, కానీ మీరెక్కిన రైల్లోనే సైకిళ్ళు వస్తాయన్న హామీ ఉండదు. పది సైకిళ్ళకు సరుకుల పికప్ బండి మాట్లాడుకుని, అదే ఏడు రోజులూ వెంట ఉండేలా చూసుకోవడం లెక్కకు కూడా సరిపోతుంది. పెడళ్ళు విప్పి, హ్యాండిళ్ళు తిప్పి, సైకిళ్ళను తలకిందులు కాకుండా నిలబెట్టి, ఒకటి అటు ఒకటి ఇటు ముఖంగా మధ్యలో దుప్పట్లు పెట్టి కట్టండి. తాడు ఫ్రేముకే, చక్రాలకు కాదు. గేర్లుండే కుడివైపు దేనికీ ఒరగకూడదు. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. బలంగా మామూలు దిక్కుకే తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది.

బండి జట్టు వెనకాలే గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పాకకూడదు. వెనక నుంచి వేగంగా వచ్చేవాడు దాన్ని గుద్దుతాడు. 12–15 కిలోమీటర్లు ముందుకెళ్ళి, డాబా దగ్గరో పెట్రోలు బంకు దగ్గరో రోడ్డు దిగి ఆగాలి. జట్టు దాటాక ఐదు నిమిషాలు ఆగి, చివరి మనిషి వచ్చాడని చూసుకుని కదలాలి. నీళ్ళు మనిషికి రోజుకు ఆరు లీటర్లు లెక్కేస్తే పది మందికి 20 లీటర్ల క్యాన్లు మూడు. డ్రైవరు నిద్ర, భోజనం కూడా మీ బాధ్యతే. ఆయన అలిసిపోతే యాత్ర ఆగినట్టే.

అంబులెన్సుకు 108, జాతీయ రహదారి సహాయానికి 1033, అత్యవసరానికి 112. ఈ మూడూ, సాయంత్రం దిగే లాడ్జి పేరూ, తన రక్తం గ్రూపూ రాసిన కాగితం ప్రతి ఒక్కరి జేబులో ప్లాస్టిక్ కవరులో ఉండాలి. ఫోన్ పగిలినా కాగితం చదవొచ్చు. సంస్థ లెటర్‌హెడ్ మీద యాత్ర వివరాలు రాయించి పది కాపీలు పెట్టుకోండి, లాడ్జిల్లోనూ బడుల్లోనూ ప్రశ్నలు తగ్గుతాయి. బీచ్ రోడ్డు మీద జనంతో ప్రారంభ కార్యక్రమం పెట్టుకుంటే స్థానిక పోలీసు స్టేషనులో ముందుగా రాతపూర్వకంగా చెప్పండి.

రోడ్డు మీద

జట్టు వేగం అంటే జట్టులో నిదానంగా తొక్కేవాళ్ళ వేగం. ఈ ఒక్కటీ బయలుదేరే ముందు అందరిచేతా ఒప్పించండి. గట్టివాళ్ళు ముందుకు ఉరికితే వెనకున్నవాళ్ళు శక్తికి మించి తొక్కి రెండో రోజుకే చతికిలబడతారు. ఐదుగురు చొప్పున రెండు గుంపులు, మధ్య 200 మీటర్ల ఖాళీ. పది మంది ఒకే తోకలా వెళ్తే బస్సు దాటలేక మధ్యలోకి దూరుతుంది. హైవే అంచున ఎప్పుడూ ఒకరి వెనక ఒకరు, మధ్య కనీసం ఒక సైకిలు పొడవు. ముందున్నవాడు గొయ్యి, గాజు, కుక్క కనబడగానే అరవాలి, చేత్తో చూపాలి. చెప్పకుండా బ్రేకు వేయకూడదు. చివర ఓర్పున్న ఒక మనిషి స్థిరంగా ఉండాలి. ఆయన వెనక ఎవరూ ఉండకూడదు, ఎవరు ఆగినా ఆయనా ఆగాలి.

ఈ దారిలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి కొన్ని. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు మీరు తొక్కే అంచునే ఎదురొస్తాయి. అప్పుడు రోడ్డు మధ్యకు తిరగకండి, వేగం తగ్గించి ఎడమకే ఉండి బైకువాడినే తప్పుకోనివ్వండి. ఆగి ఉన్న లారీని దాటాలంటే ఇరవై మీటర్ల ముందు నుంచే అద్దంలో చూసి, చెయ్యి చాపి, నిదానంగా బయటికి రండి. డిసెంబరులో గోదావరి జిల్లాల్లోనూ సూర్యాపేట చుట్టుపక్కలా సర్వీసు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెడతారు. వడ్ల మీద టైరు ఇసుక మీద కన్నా హీనంగా జారుతుంది. పైగా అది రైతు ఏడాది కష్టం, దిగి నడిపించండి. వంతెనల మీద ఇనుప అతుకులను సూటిగా, హ్యాండిలు తిప్పకుండా దాటాలి. ఏటవాలుగా వెళ్తే చక్రం ఇరుక్కుంటుంది. పొద్దునపూట పొగమంచు పట్టి వంద మీటర్ల ముందు కనబడకపోతే బయలుదేరకండి, ఎనిమిదింటిదాకా ఆగినా నష్టం లేదు. చీకటిపడ్డాక తొక్కకూడదన్నది మాత్రం సడలించకూడని నియమం. ఆ కాలంలో విశాఖ వైపు ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది.

కదిలే వేగం గంటకు 18–20 ఉన్నా, ఆగడాలన్నీ కలిపితే 14–15కు పడిపోతుంది. 120 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు. ఆరుంబావుకు లైట్లతో బయలుదేరితే మూడు లోపు చేరతారు. ప్రతి 25 కిలోమీటర్లకు 15 నిమిషాలు చాలు, అరగంట దాటితే కాళ్ళు బిగుసుకుంటాయి.

తిండి, నీళ్ళు, ఒళ్ళు

ఆకలేశాక తింటే ఆలస్యం. మొదటి గంట నుంచే గంటకు 30–60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక మాదిరి అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది, బెల్లం పల్లీపట్టి ఒకటి తోడైతే సరి. పొద్దున ఇడ్లీ, ఉప్మా మంచివి. నూనె ఓడే పూరీ, బజ్జీ మధ్యాహ్నం దాటాకే. మంగళవారం పొద్దున అన్నవరం ప్రసాదం తినకుండా కదలకండి, గోధుమ నూక, తీపి కలిసిన అంతకన్నా మంచి సైకిలు తిండి దుకాణాల్లో దొరకదు. మధ్యాహ్నం భోజనం సగం కడుపుకే, పెరుగన్నంతో. బిర్యానీ అంతా రాత్రికి.

నీళ్ళు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి. రెండు సీసాల్లో ఒకటి ఓఆర్ఎస్ ఉండాలి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టు కొని, దాని మీద చెప్పినన్ని నీళ్ళలోనే కలపండి. దొరక్కపోతే లీటరు మంచినీళ్ళకు అంచుకు సమానంగా ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఉప్పేసిన మజ్జిగ ఎప్పుడూ మంచిదే. మధ్యాహ్నానికి మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే సరిపడా తాగలేదన్నమాట.

సీటు పుళ్ళు చాలా యాత్రలను ఆపేస్తాయి, సిగ్గుపడి ఎవరూ ముందుగా చెప్పరు. ప్యాడున్న చెడ్డీ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. కుట్లు రాసుకునేది అక్కడే. మూడు చెడ్డీలు ఉంచుకుని ఏ రోజుది ఆ రోజు ఉతకాలి. గది చేరిన పది నిమిషాల్లో స్నానం చేసి పొడిబట్ట కట్టుకోవాలి. పొద్దున తొడల మధ్య వాజలీన్ రాయాలి. ఎర్రబడటం మొదలవగానే చెప్పమనండి, పుండయ్యాక మందు విశ్రాంతే. చిటికెన వేలు మొద్దుబారితే అరచేతి అంచున నరం నలుగుతోంది. జెల్ గ్లవుజులు వేసుకుని పది నిమిషాలకోసారి పట్టు మార్చండి.

తొక్కేటప్పుడు నిమిషానికి 80–90 చుట్లు పెడలు తిరిగే తేలిక గేరు వాడండి. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం స్పృహ తప్పినా, తర్వాత ఎంత బాగున్నానన్నా ఆ మనిషి ఆ రోజు సైకిలెక్కకూడదు, ఆసుపత్రికే. పగిలిన హెల్మెట్ మళ్ళీ పెట్టకూడదు. వాహనంలో ఒకటి అదనంగా ఉంచండి.

ప్రతి సాయంత్రం, చివరి సాయంత్రం

గది చేరాక వరస: స్నానం, తిండి, తర్వాత పావుగంట సైకిలు. టైర్లు చేత్తో తడిమి గాజు పెంకులు ఏరండి. చక్రం తిప్పి బ్రేకుకు తగులుతోందేమో చూడండి. 200 కిలోమీటర్లకోసారి చైను గుడ్డతో తుడిచి, అరకో చుక్క నూనె వేసి, పది నిమిషాల తర్వాత పైనున్నదంతా తుడిచేయండి. తుడవకపోతే దుమ్ము పట్టి ఇసుక కాగితంలా అరుగుతుంది. అప్పుడే ఒకరు ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు, సంస్థ ఖాతాకు ఎంత వచ్చింది, రసీదు పుస్తకంలో ఏ నంబరు దాకా రాశారు అన్నది జట్టు వాట్సాప్ గుంపులో పెట్టాలి. విరాళమిచ్చినవాళ్ళకు కూడా అదే పంపండి, ఫొటో ఒకటి చాలు. సాయం పొందే పిల్లల ముఖాలు పెట్టకండి.

ఎల్బీనగర్‌లో దండలు, ఫొటోలు అయ్యాక నగదూ రసీదు పుస్తకం మూలపత్రాలూ మర్నాడే సంస్థకు అప్పగించి సంతకం తీసుకోండి. 30 రోజుల్లోపు ఒకే పేజీ లెక్క పంపండి: మన యాత్ర పేరుతో ఎంత వచ్చింది, సంస్థ దాన్ని దేనికి ఎంత ఖర్చు చేసింది, ఎంత మిగిలింది. సంస్థ ఇంకా ఖర్చు చేయలేదంటే అదే మాట రాసి, ఎప్పటికి చేస్తారో తేదీ వేయించండి. 80జి సర్టిఫికెట్ రాలేదని ఆర్థిక సంవత్సరం ముగిశాక ఫోన్లు వస్తాయి, కాబట్టి దాతల పేర్లు, పాన్ నంబర్లు సంస్థకు సరిగ్గా చేరాయో లేదో అప్పుడే సరిచూడండి. జట్టు ఖర్చుల ఖాతాలో మిగిలింది తలా ఇంత పంచేసుకోండి. దాన్నీ విరాళంలో కలుపుదామని అందరూ అంటే, మామూలు దాతలాగే ఎవరి పేరు మీద వాళ్ళు సంస్థ క్యూఆర్‌కు పంపండి.